కొత్తగా రొట్టె కాల్చేవారికి కావలసిన గిన్నెలు

ఇంటిలో కేకు గాని, పాలరొట్టె గాని కాల్చడం నేర్చుకోదలచినవారు సాధారణంగా మొదట పాకవిధానం కోసం వెదకుతారు. పిండి ఎంత, పంచదార ఎంత, వెన్న ఎంత అని శ్రద్ధగా వ్రాసుకొంటారు. ఆ కాగితం చివర "తగిన గిన్నెలో పోసి కాల్చవలెను" అని ఒక్క మాట ఉంటుంది. ఆ తగిన గిన్నె ఏది అన్న ప్రశ్న దగ్గరనే మొదటి ప్రయత్నాలు చాలావరకు చెడిపోతున్నవి. ఈ ప్రసంగంలో మేము ఆ ఒక్క మాటను గురించే చెప్పదలచుకొన్నాము.

మేమీ విద్యలో పండితులమని చెప్పుకోవడం లేదు. చెడగొట్టి నేర్చుకొన్నవారము. ఓవెన్ కొన్న వారంలోనే ఒక పాత్రల దుకాణానికి పోయి, ఒకదానిలో ఒకటి ఇమిడిన పన్నెండు గిన్నెల కట్టను ముచ్చటపడి తెచ్చుకొన్నాము. గుండ్రనివి మూడు, చదరపువి మూడు, హృదయాకారంలో మూడు, నక్షత్రాకారంలో మూడు. ఇంటికి వచ్చి చూస్తే వాటిలో పెద్దవి నాలుగు మా ఓవెన్ తలుపు దాటి లోపలికి పోలేదు. నక్షత్రపు మొనలు ప్రతిసారీ మాడిపోయేవి, నడిమి భాగం పచ్చిగా మిగిలేది. ఏడాది తిరిగేసరికి తేలినదేమంటే, పన్నెండింటిలో మాకు పనికి వచ్చినవి రెండే. తక్కిన పది అటక ఎక్కినవి.

మా పక్కింటి కోడలి సంగతి ఇంతకంటె విచారకరమైనది. ఆమె పుట్టినిల్లు కోరుట్ల. తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ములో కొంత బిడ్డ చేతిలో పెట్టి, "ఏదన్న ఒక పని నేర్చుకో బిడ్డా, నాలెక్క కండ్లు పోగొట్టుకోకు" అన్నదట. ఆ సొమ్ముతో ఆమె చిన్న ఓవెన్ ఒకటి కొన్నది. కొడుకు మొదటి పుట్టినరోజుకు తానే కేకు చేయబూనినది. 8 అంగుళాల గిన్నెకు చెప్పిన కొలతల ప్రకారం పిండి కలిపి, ఇంటిలో ఉన్న 6 అంగుళాల గిన్నెలో అంచుదాకా పోసినది. కొంతసేపటికే అది పొంగి, ఓవెన్ అడుగున కారి, మాడి, ఇల్లంతా పొగ కమ్మినది. పైన నల్లగా, లోపల ముద్దగా ఉన్న ఆ కేకును చూచి వచ్చిన చుట్టాలు నవ్వినారు. ఆమె ఓవెన్ మీద గుడ్డ కప్పి మూలకు పెట్టినది. "నా చెయ్యే మంచిది కాదు పెద్దమ్మా" అని మాతో అన్నది. ఆ గిన్నెను తెప్పించి, కొలతల కాగితం ప్రక్కన పెట్టి చూచిన తరువాత సంగతి అర్థమైనది. చేతిలో దోషమేమీ లేదు. పిండి ఎక్కువ, గిన్నె తక్కువ.

ఒక తల్లి చుట్టిన బీడీల సొమ్ము అట్లా గుడ్డ కింద పడి ఉండడం మాకు బాధ కలిగించినది. అందుకే ఈ చిన్న విషయాన్ని ఇంత వివరంగా చెప్పడానికి పూనుకొన్నాము.

నిజానికి కాల్చే గిన్నెను గురించిన జ్ఞానం మన ఇండ్లకు కొత్తది కాదు. ఉత్తర తెలంగాణంలో సర్వపిండి ఎరుగని ఇల్లు ఉండదు. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లి, కరివేపాకు కలిపి, లోతైన సర్వ లోపలి గోడలకు ఆనించి పలుచగా ఒత్తి, మూతపెట్టి సన్నని సెగమీద కాల్చుతాము. సర్వలో కాల్చినది గనుక సర్వపిండి, సర్వప్ప. గిన్నెలో కాల్చినది గనుక కరీంనగరు ప్రాంతంలో దానినే గిన్నప్ప అంటారు. తపాలలో చేసేచోట తపాలచెక్క అంటారు. పిండివంటకు గిన్నె పేరే పెట్టుకొన్నవారికి గిన్నె విలువ వేరుగా చెప్పవలసిన పనిలేదు. ఆ వంట మన పెద్దలకు నేర్పిన పాఠాలు నాలుగు ఉన్నవి. ఆ నాలుగే కేకు గిన్నెకూ వర్తిస్తవి.

మొదటి పాఠం అడుగు మందం. పలుచని గిన్నెలో గిన్నప్ప ఒకచోట మాడుతుంది, మరొకచోట తెల్లగా ఉంటుంది. మందమైన అడుగు వేడిని నలుదిక్కులకు పంచుతుంది.

రెండవది నడిమి భాగం సంగతి. ఒత్తిన పిండిలో వ్రేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి నూనె చుక్కలు వేస్తాము. రుచి కోసమే అలా చేస్తారని కొందరనుకొంటారు. ఆ రంధ్రాల గుండా వేడినూనె దిగి పిండి నడుమ కూడ కాలుతుంది. కేకు గిన్నెలలో నడుమ గొట్టం ఉన్న రకం ఒకటి దుకాణాలలో కనిపిస్తుంది. దాని కిటుకు ఇదే. వేడి అంచులనుండి మధ్యకు నిదానంగా పోతుంది గనుక మధ్యకు కూడ ఒక గోడను కల్పించినారు.

మూడవది మూత. క్రింది సెగ ఒక్కటే చాలదు, పైనుండి కూడ వేడి తగలవలెను. పూర్వం బొగ్గుపొయ్యిలున్న ఇండ్లలో మూతమీద నిప్పులు పోసి ఈ పని సాధించేవారు. ఓవెన్‌లోని పై కడ్డీ చేసేది ఈ పనే.

నాలుగవ పాఠం మా అత్తమ్మ నోట విన్నది. ఒక గిన్నప్ప దించిన వెంటనే అదే గిన్నెలో రెండవదానికి పిండి పెట్టబోతే ఆమె చేయి పట్టుకొనేది. "గిన్నె సల్లవడనియ్యి బిడ్డా, ఉడుకు గిన్నెకు పిండి అంటుకుంటది గని సాగదు" అనేది. అందుకోసమే ఆమె దగ్గర ఒకే తీరు గిన్నెలు మూడు ఉండేవి. ఒకటి పొయ్యిమీద, ఒకటి చల్లారుతూ, ఒకటి చేతిలో. కొత్త వంటిల్లు కట్టుకొన్నప్పుడు మేము వాటిలో రెండింటిని పాతసామాను క్రింద తూకానికి వేసినాము. ఆమె ఏమీ అనలేదు. ఆ తరువాత పండుగనాడు పదిమందికి గిన్నప్పలు చేయవలసి వచ్చి, ఒక్క గిన్నెను మాటిమాటికి నీళ్ళతో చల్లార్చుకొంటూ మధ్యాహ్నందాకా పొయ్యి దగ్గర నిలువవలసి వచ్చినప్పుడు మేము చేసిన పని మాకు తెలిసివచ్చినది.

ఇక కేకు గిన్నెలకు వద్దాము. దుకాణానికి పోకముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. టేపు తీసికొని ఓవెన్ లోపలి వెడల్పు, లోతు, జాలీ నుండి పై కడ్డీ వరకు ఉన్న ఎత్తు కొలిచి కాగితం మీద వ్రాసుకోవలెను. గిన్నెకు, ఓవెన్ గోడకు మధ్య అన్ని వైపులా కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండవలెను. వేడిగాలి తిరిగేది ఆ ఖాళీలోనే. గిన్నె గోడకు తగులుతూ ఉంటే ఆ వైపు మాడుతుంది. ఎత్తైన గిన్నె పెడితే పొంగిన కేకు పై కడ్డీకి చేరువై లోపల ఉడకకముందే నల్లబడుతుంది. ఓవెన్ పెట్టెమీద ఇన్ని లీటర్లని వ్రాసి ఉన్నంత మాత్రాన ఏ గిన్నె పడుతుందో తెలియదు. టేపు చెప్పినదే ప్రమాణం.

రెండవ విచారం లోహాన్ని గురించి. కొత్తవారికి మేము చెప్పేది అల్యూమినియం. అది వేడిని త్వరగా గ్రహించి అన్ని వైపులకు సమంగా పంచుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకంటె పదిరెట్లకు పైగా వేడిని ప్రసరింపజేసే గుణం దానికి ఉన్నది. మన ఇండ్లలోని పలుచని స్టీలు గిన్నెలలో కేకు ఒకవైపు ఎర్రగా, ఒకవైపు పాలిపోయి రావడానికి కారణమిదే. స్టీలు గిన్నె తప్ప వేరేది లేనివారు అడుగున రెండు వరుసల కాగితం పరచి, సెగ కొంచెం తగ్గించి, ఎక్కువసేపు ఉంచితే పని గడుస్తుంది. అల్యూమినియంకు ఒక లోపమున్నది. పులుపు దానికి పడదు. పెరుగు, నిమ్మరసం కలిసిన పిండిని అందులో పోసి నిలువ ఉంచకుండా వెంటనే కాల్చవలెను. కాలిన తరువాత కూడ కేకును అందులోనే దాచరాదు.

నల్లపూత గిన్నెలు చూడడానికి బాగుంటవి, పిండి అంటుకోదు. కాని నలుపు వేడిని ఎక్కువగా పీల్చుతుంది గనుక కేకు అడుగు, అంచులు త్వరగా గట్టిపడుతవి. అట్టి గిన్నె వాడితే చెప్పిన వేడికంటె 10 నుండి 15 డిగ్రీలు తగ్గించవలెను. లోహపు గరిటెతో, కత్తితో గీరితే పూత చెడుతుంది. ఆ పూత సుమారు 260 డిగ్రీలు దాటిన వేడిలో పాడవుతుంది గనుక ఖాళీ గిన్నెను మంటమీద పెట్టరాదు. అయితే అంచు ఎర్రగా, గట్టిగా కావలసిన రొట్టెకు నల్లగిన్నె మంచిదే. మెత్తని కేకుకు తెల్లని అల్యూమినియం మేలు.

గాజు గిన్నె నిదానంగా వేడెక్కి, దించిన తరువాత కూడ చాలాసేపు వేడిని వదలదు. దానికి కూడ వేడి కొంత తగ్గించవలెను. ఓవెన్ కోసం చేసినదైతేనే వాడవలెను. వేడి గాజును తడిబండమీద పెడితే పగులుతుంది. రబ్బరువలె వంగే సిలికోను అచ్చులు ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్నవి. అవి మెత్తనివి గనుక క్రింద పళ్ళెం పెట్టనిదే ఎత్తరాదు. వాటిలో కేకు అంచులకు రంగు కూడ సరిగా రాదు. మొదటి గిన్నెగా అవి వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక ముఖ్యమైనది. అమ్మమ్మల కాలపు కళాయి పెట్టిన ఇత్తడి గిన్నెలు మందంగా ఉన్నవి గదా, వాటిలో కాల్చరాదా అని అడుగుతారు. కళాయి అంటే తగరం. అది సుమారు 232 డిగ్రీల వద్ద కరుగుతుంది. నీళ్ళున్న వంటలో గిన్నెకు అంత వేడి ఎక్కదు. పొడిగా కాల్చేటప్పుడు, అందులోను మంట నేరుగా తగిలేటప్పుడు, ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. కళాయి గిన్నెలను చారుకు, పప్పుకు ఉంచుకోవలెను. కేకుకు వాడరాదు.

ఇప్పుడు ఏవి కొనవలెనో చెప్పుతాము. మొదటి ఏడాదికి నాలుగు వస్తువులు చాలును.

మొదటిది గుండ్రని అల్యూమినియం గిన్నె. వ్యాసం 7 అంగుళాలు, ఎత్తు 3 అంగుళాలు. నలుగురైదుగురు ఉన్న ఇంటికి ఇది సరిపోతుంది. ఓవెన్ పెద్దదై, చుట్టాల రాకపోకలు ఎక్కువగా ఉన్న ఇంటివారు 8 అంగుళాలది తీసికోవచ్చును. దాని గోడలు నిట్టనిలువుగా ఉండవలెను. గోడలు పైకి విచ్చుకొన్న గిన్నెలో అంచులవద్ద పిండి పలుచబడి ముందుగా ఎండిపోతుంది. అడుగు ఊడివచ్చే గిన్నెలు ముచ్చటగా ఉంటవి గాని పలుచని పిండి ఆ సందులోనుండి కారుతుంది. కొనవలసి వస్తే దుకాణంలోనే నీళ్ళు పోయించి చూడవలెను.

రెండవది నిలువు రొట్టె అచ్చు. పొడవు 8, వెడల్పు 4, ఎత్తు రెండున్నర అంగుళాలు ఉంటే మంచిది. సుమారు 300 గ్రాముల గోధుమపిండితో చేసిన రొట్టె ఇందులో చక్కగా వస్తుంది. ఈ అచ్చులోనే అరటిపండు కేకు, డబ్బా కేకు కూడ చేసికోవచ్చును. రొట్టెపిండిని ఇందులో సగానికి కొంచెం పైగా పెట్టి, అంచుదాకా పొంగిన తరువాత ఓవెన్‌లో పెట్టవలెను. పొంగడం ఋతువును బట్టి ఉంటుంది. ఆదిలాబాదు చలికాలంలో ఉదయపు వేడి 10 డిగ్రీలకు దిగువకు పడిపోయే రోజులు వస్తవి. ఆ రోజులలో చల్లని అచ్చులో పెట్టిన పిండి పూటంతా కదలదు. అచ్చును వేడినీళ్ళతో కడిగి తుడిచి, గోరువెచ్చగా ఉండగా పిండి పెట్టవలెను. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలలో సంగతి వేరు. అప్పుడు అరగంట ఏమరితే పిండి అచ్చు దాటి పులిసిపోతుంది.

మూడవది చదునైన పళ్ళెం. అంచు అర అంగుళం ఉంటే చాలును. ఉస్మానియా బిస్కత్తులవంటివి చేయదలచినవారికి ఇది లేనిదే జరగదు. కారే స్వభావం గల గిన్నెలకు క్రింద పెట్టడానికి, పల్లీలు, నువ్వులు వేయించడానికి కూడ పనికివస్తుంది. ఓవెన్‌తో పాటు సాధారణంగా ఒక పళ్ళెం ఇస్తారు. ముందు దానిని వాడి చూచి, చాలకపోతేనే కొనవలెను.

నాలుగవది తీగల జాలీ. ఇది గిన్నె కాదు గాని గిన్నెతో సమానం. దించిన కేకును బండమీద పెడితే క్రింద ఆవిరి నిలిచి అడుగు తడుస్తుంది. జాలీమీద పెడితే గాలి ఆడుతుంది.

ఆరు గుంటల చిన్న కేకుల పళ్ళెం ఐదవదిగా కొనవచ్చును. పిల్లలున్న ఇంటిలో అది మంచి వస్తువే. కాని మొదటనే అవసరం లేదు. ఇంటిలోని చిన్న గిన్నెలలో కాగితపు గిన్నెలు ఇమిడ్చి, పళ్ళెంలో పేర్చితే అదే పని జరుగుతుంది. హృదయాలు, నక్షత్రాలు, అంకెల ఆకారాలు మరచిపోవడం మంచిది. గుండ్రని కేకును కాల్చి చల్లారిన తరువాత కత్తితో ఏ ఆకారం కావలెనంటే ఆ ఆకారం కోయవచ్చును.

డబ్బు మిగిలినవారు మరొక కొత్త ఆకారం కొనక, మొదటి గుండ్రని గిన్నెవంటిదే రెండవది కొనవలెను. రెండు పొరల కేకుకు రెండు గిన్నెలు ఒకే కొలతలో కావలె. ఒకే గిన్నె ఉంటే మొదటి పొర కాలి, గిన్నె చల్లారేదాకా కలిపిన పిండి వేచి ఉండవలె. సోడా, పెరుగు కలిసిన పిండి వేచి ఉంటే దానిలోని గాలి పోయి చప్పబడుతుంది. మా అత్తమ్మ మూడు గిన్నెల మర్మం ఇక్కడ మరల మనకు ఎదురవుతుంది.

కొలతల లెక్క ఒకటి చెప్పి తీరవలెను. 6 అంగుళాల గిన్నెకు, 8 అంగుళాల గిన్నెకు భేదం రెండంగుళాలే గదా అని అనిపిస్తుంది. గుండ్రని గిన్నెలో పట్టేది వ్యాసాన్ని బట్టి కాక, వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6 అంగుళాల గిన్నె అడుగు వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. 7 అంగుళాలది 38. 8 అంగుళాలది 50. 9 అంగుళాలది 64. అంటే ఆరు నుండి ఎనిమిదికి పోతే పిండి దాదాపు రెట్టింపు పడుతుంది. మా పక్కింటి కోడలు పోసినది రెండు గిన్నెల పిండి. పొంగి కారక ఏమి చేస్తుంది?

చదరపు గిన్నె ఉన్నవారికి సులువైన గుర్తు ఒకటి ఉన్నది. గుండ్రని గిన్నెకంటె ఒక అంగుళం తక్కువ ఉన్న చదరపు గిన్నె దానికి సమానం. 8 అంగుళాల గుండ్రనిదానికి చెప్పిన పిండి 7 అంగుళాల చదరపుదానిలో సరిపోతుంది. ఈ లెక్కలు వద్దనుకొంటే నీళ్ళతో కొలవవచ్చును. ఒక గిన్నెలో ఎన్ని గ్లాసుల నీళ్ళు పట్టునో, మరొక గిన్నెలో ఎన్ని పట్టునో చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. 2 అంగుళాల ఎత్తున్న 8 అంగుళాల గిన్నెలో సుమారు లీటరున్నరకు పైగా పడుతుంది. అదే ఎత్తున్న 6 అంగుళాల దానిలో లీటరుకు తక్కువ. ఏ గిన్నె అయినా కేకు పిండి మూడింట రెండు వంతులకు మించి పోయరాదు. మిగిలిన పిండిని చిన్న గిన్నెలో వేరుగా కాల్చుకోవచ్చును. పోతుందేమోనని అంతా ఒకదానిలో క్రుక్కితే అంతా పోతుంది.

ఆదిలాబాదు, ఆసిఫాబాదు, నిర్మల్ వైపు జొన్నరొట్టె తినే ఇండ్లు చాలా ఉన్నవి. జొన్నపిండితో కేకు చేయరాదా అని వారడగవచ్చును. చేయవచ్చును. కాని గోధుమపిండిలో ఉన్న సాగే జిగురు జొన్నలో లేదు. జొన్నరొట్టెను కర్రతో సాగదీయక చేతితో తట్టి చేయడం అందుకే. ఎత్తైన అచ్చులో ఒట్టి జొన్నపిండి నిలబడదు, నడుమ క్రుంగుతుంది. సగం గోధుమపిండి కలిపి, వెడల్పు గుండ్రని గిన్నెలో అంగుళం మందాన మాత్రమే పోసి కాల్చితే చక్కగా వస్తుంది.

ఓవెన్ లేనివారు నిరుత్సాహపడవలసిన పనిలేదు. మందమైన పెద్ద గిన్నె అడుగున అంగుళం మందం శుభ్రమైన ఇసుక గాని, దొడ్డుప్పు గాని పోసి, దానిమీద చిన్న కుదురు పెట్టి, బిగువైన మూత పెట్టి పది నిమిషాలు వేడి చేయవలెను. తరువాత 6 అంగుళాల గిన్నెలో సగానికి కొంచెం పైగా పిండి పోసి లోపల దించి, సన్నని సెగమీద సుమారు ముప్పావుగంట ఉంచితే కేకు కాలుతుంది. లోపలి గిన్నెకు చుట్టూ రెండు వ్రేళ్ళ సందు ఉండవలెను. ఇందుకు ప్రెషరు కుక్కరు వాడేవారు లోపలి రబ్బరు చుట్టును, పైబరువును తప్పక తీసివేయవలెను. నీళ్ళు లేకుండా వేడిచేస్తే కుక్కరు లోహం చెడుతుంది గనుక నిత్యం అన్నం వండే కుక్కరును ఇందుకు వాడరాదు. పాతబడిన దళసరి గిన్నెను ఒకదానిని దీనికే కేటాయించడం మేలు.

గిన్నెను సిద్ధం చేసే పద్ధతి క్లుప్తంగా చెప్పుతాము. లోపల వెన్నగాని నూనెగాని పలుచగా పూసి, చిటికెడు పిండి చల్లి, గిన్నెను త్రిప్పి తట్టి ఎక్కువైన పిండిని రాల్చివేయవలెను. అడుగుకు సరిపడే కాగితం కత్తిరించి వేయవలెను. ఆ కాగితం ఓవెన్ వేడికి తట్టుకొనేదై ఉండవలె. మిఠాయిలు చుట్టే మైనపు కాగితం కరుగుతుంది. అచ్చువేసిన వార్తాపత్రిక అసలే పనికిరాదు. దాని సిరా ఆహారానికి తగలరాదు. కేకు కాలిన తరువాత పది నిమిషాలు గిన్నెలోనే ఉంచి, అంచు వెంట పలుచని చెక్క గరిటె త్రిప్పి, జాలీమీద బోర్లించవలెను. వెంటనే బోర్లిస్తే విరుగుతుంది. గంటసేపు మరచిపోతే చెమర్చి అడుగు అంటుకొంటుంది.

కడిగేటప్పుడు ఇసుక, పీచుతో తోమరాదు. వేడినీళ్ళు పోసి కొంతసేపు నాననిచ్చి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలును. నిలువు రొట్టె అచ్చు మూలలలో తడి నిలుస్తుంది గనుక కడిగిన తరువాత ఎండలో గాని, ఇంకా వెచ్చగా ఉన్న ఓవెన్‌లో గాని ఆరబెట్టి లోపల పెట్టవలెను.

కొనేటప్పుడు గిన్నెను చేతిలోకి తీసికొని రెండు బొటనవ్రేళ్ళతో అడుగును నొక్కి చూడండి. లోపలికి పోయి టక్కున శబ్దం చేస్తూ పైకి వచ్చే గిన్నెను వదలివేయండి. ఓవెన్ వేడికి అది వంగుతుంది, పిండి ఒకవైపు చేరుతుంది. బండమీద పెట్టి చూడండి, ఊగరాదు. అంచు లోపలివైపు మడిచినదై ఉంటే ఆ మడతలో నీరు, పిండి చేరకుండా ఉన్నదో లేదో చూడండి. కట్టగా అమ్మేవి చవక అని ఆశపడవద్దు. పన్నెండు గిన్నెల ధరకు కొనదగినవి రెండు మందమైన గిన్నెలు వస్తవి. ఆ రెండూ మీ తరువాత మీ కోడళ్ళకు, బిడ్డలకు కూడ ఉంటవి.

పక్కింటి కోడలి సంగతి చెప్పి ముగిస్తాము. మా అటకమీది పదింటిలో 7 అంగుళాల గుండ్రని గిన్నె ఒకటి ఆమెకు ఇచ్చినాము. ఆమె కొలతల కాగితంలోని ప్రతి అంకెనూ మూడువంతులు చేసికొని పిండి కలిపినది. ఆ దినం మేమిద్దరమూ ఓవెన్ అద్దం ముందు పీటలు వేసికొని కూర్చొని ఆ పిండి మెల్లగా అంచువరకు లేచి అక్కడ నిలవడం చూచినాము. ఆమె ఏమీ మాట్లాడలేదు. మరునాడు ఒక ముక్క కోరుట్లకు బస్సులో పోయే చుట్టంచేత తల్లికి పంపినది. ఇప్పుడు ఆ వాడలో పుట్టినరోజులకు ఆమె కేకులు పోతున్నవి. అమ్మకానికి చేసేవారు ఆహారభద్రతా చట్టం ప్రకారం నమోదు చేసికోవలెనని చెప్పగా ఆ పని కూడ చేసికొన్నది. మొదట వచ్చిన ఆదాయంతో ఏమి కొన్నావమ్మా అని అడిగినాము. హృదయాకారం కాదు, నక్షత్రం కాదు. ఉన్నదానివంటిదే ఇంకొక గుండ్రని గిన్నె.

కొత్తగా మొదలుపెట్టే సోదరీమణులకు, ఇటీవల ఆసక్తితో వంటింట అడుగుపెడుతున్న సోదరులకు కూడ మేము చెప్పేది ఇంతే. ఓవెన్‌ను కొలవండి, పిండిని కొలవండి, గిన్నెను కొలవండి. ఆ తరువాత కూడ కేకు చెడితే చేతిని నిందించుకోవద్దు. మరల ఒకసారి కొలిచి చూడండి. మీ ఇంటి మూలలో గుడ్డ కప్పిన ఓవెన్ ఏదైనా ఉంటే, ఈ ఆదివారం ఆ గుడ్డ తీయండి.